రిసాలా కప్పు మీద పేర్లు

శనివారం మధ్యాహ్నం, మరుసటి రోజు ప్రభుభోజనానికి సిద్ధం చేద్దామని వెండి కప్పు మీది గుడ్డ విప్పిన దెబోరా టీచరుకు, వందేళ్లకు పైగా దాని పొట్ట మీద ఉన్న అక్షరాల్లో ఒక్కటి కూడా కనిపించలేదు.

కప్పు ఉంది. రెండు పక్కలా పిడులున్నాయి. ముందువైపు నాలుగు కాళ్లూ చాపి పరిగెత్తే గుర్రం అలాగే ఉంది. వెనకవైపే ఏమీ లేదు. కొత్త పళ్లెంలా నున్నగా మెరుస్తోంది.

ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. వేలితో తడిమింది. వేలికి ఏమీ తగల్లేదు.

"యోబూ!"

గంట తాడుకు కొత్త ముడి వేస్తున్న యోబు పరిగెత్తుకొచ్చాడు. ఆళ్లగడ్డలోని ఆ పేట చర్చిలో ఇరవై ఆరేళ్లుగా గంట కొట్టేది, ఊడ్చేది, తాళం వేసేది ఆయనే. చర్చి వెనక ఒంటి గదిలోనే కాపురం.

"ఏందీ టీచరమ్మా? పామేమన్నా దూరిందా?"

"పామైతే కొట్టి పారేస్తాంటిమి. ఇది చూడు."

యోబు చూశాడు. "నేను ముట్టలేదమ్మా" అన్నాడు. ఆమె ఇంకా ఏమీ అడగనే లేదు.

కప్పు ఉండే చెక్క బీరువాకు తాళంచెవులు రెండే. ఒకటి యోబు మొలతాడుకు ఉంటుంది. రెండోది సంఘ కార్యదర్శి అయిన దెబోరా ఇంట్లో, వంటగది గోడ మేకుకు ఉంటుంది.

అది మామూలు చర్చి గిన్నె కాదు. గుర్రప్పందెం కప్పు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, బెంగళూరు కంటోన్మెంటులో ఒక రిసాలా, అంటే గుర్రపు దళం, ఏటా తన ఆఫీసర్లకు పందెం పెట్టేది. గెలిచిన గుర్రం పేరు, ఆఫీసరు పేరు, ఏడాది ఆ కప్పు మీద చెక్కేవాళ్లు. దెబోరా తాత ఏసన్న ఆ రిసాలాలో సాయీసు. గుర్రాన్ని మేపడం, తోమడం, తెల్లవారకముందే మైదానంలో పరిగెత్తించి పందేనికి తయారు చేయడం ఆయన పని. కెప్టెన్ పెల్హామ్ అనే దొర గుర్రం బిజిలీ ఆయన చేతి కింద పెరిగింది. యుద్ధానికి దొరతో పాటు, గుర్రంతో పాటు ఇరాకులోని బస్రాకు పోయాడు. దొర అక్కడే చచ్చిపోయాడు. గుర్రమూ చచ్చిపోయింది. ఏసన్న ఒక కాలు ఈడ్చుకుంటూ, గుర్రం మీద కప్పే కంబళిలో ఈ కప్పు చుట్టుకుని ఆళ్లగడ్డకు తిరిగొచ్చాడు.

దొర ఇచ్చినాడు అన్నాడు. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ చెప్పలేదు.

పేటలో చర్చి కట్టినప్పుడు ద్రాక్షరసం పోయడానికి ఇత్తడి చెంబు తప్ప ఏమీ లేదు. ఏసన్న కప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పటినుంచి పేట జనం ప్రభువు రక్తాన్ని గుర్రం బొమ్మ ఉన్న కప్పుతోనే తాగుతున్నారు. ఏటా మంచి శుక్రవారానికి ముందు చింతపండు, బూడిద పెట్టి తోముతారు. తోమి తోమి అక్షరాలు అరిగాయి. ఫోటోలో పడవు. ఎండకు ఏటవాలుగా పట్టుకుంటేనే కనిపించేవి. ఇంగ్లీషులో కొంకర్లు తిరిగిన చేతిరాత. దొరల పేర్లు మనకెందుకని ఎవరూ పూర్తిగా చదివింది లేదు. బళ్లో ఇంగ్లీషు చెప్పిన దెబోరా కూడా చదవలేదు.

మూడు వారాల కింద ఒక ఉత్తరం వచ్చింది. బెంగళూరులో పాత సైనిక వస్తువుల మ్యూజియం చూసే మేజర్ హిమజ అనే ఆమె రాసింది. చర్చి వందేళ్ల పండగ ఫోటోల్లో కప్పును చూశానని, రిసాలా రికార్డుల్లో 1916 నుంచి అది 'మిస్సింగ్' అని ఉందని, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వచ్చి దాని మీది పేర్లు చూస్తానని.

ఆ ఆదివారం రేపే.

*

అరగంటలో సంఘ పెద్ద రాజశేఖర్ వచ్చాడు. విత్తనాల కొట్టు మూసి మరీ వచ్చాడు. ఆయన వెనకే పాస్టరు ప్రేమ్ సాగర్. వయసు ముప్పై దాటలేదు గనక పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఆయన ఎక్కువగా వింటాడు.

"తాళంచెవులు రెండు" అన్నాడు రాజశేఖర్. "ఒకటి టీచరమ్మది. ఆయమ్మను అనుమానిస్తే కండ్లు పోతాయి. ఇంగ మిగిలిందెవురు?"

"దొంగకు కప్పు కావాల గానీ అక్షరాలెందుకన్నా?" అంది దెబోరా.

"అమ్ముకునేకి. పేరుండే సొమ్ము ఎవుడు కొంటాడు? ముందు పేర్లు గీకినాడు. నిదానంగా కప్పు మాయం చేద్దామనుకున్యాడు. అంతలో నువ్వు చూసినావు." యోబు వైపు తిరిగాడు. "నీ అల్లుడు సందీపు చాగలమర్రిలో పెట్టింది మోటరు సైకిళ్ల షెడ్డే కదప్పా? గీకే సామాను ఉంటాది కదా ఆడ?"

"నా అల్లున్ని ఎందుకన్నా లాగుతావు? వాడు ఈ చర్చి గడప తొక్కి ఏడాదైంది."

"నువ్వు తొక్కుతాండావు కదా రోజూ."

యోబు మొలతాడు ముడి విప్పాడు. ముడి ఒక పట్టాన రాలేదు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు ఆ మేడం వచ్చేదాకా చూస్తాం" అన్నాడు రాజశేఖర్. "ఆయమ్మ ముందర ఏం చెప్పాల్నో నాకు తెలీదు. నిజం తేలకపోతే సాయంత్రం స్టేషన్లో నీ పేరిస్తా. గది గూడా కాళీ చెయ్యి."

"నాకు ఇంకో ఇల్లు లేదన్నా."

"ఆ మాట గీకేటప్పుడు గుర్తుకు రావాల."

దెబోరా కప్పును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"నేను నంద్యాలకు పోయొస్తా. మా అన్న కన్ను పడితే ఏ పనిముట్టుతో గీకినారో చెప్తాడు. పనిముట్టు తెలిస్తే మనిషి తెలుస్తాడు."

*

దెబోరా అన్న ఫ్రాన్సిస్ లేతు షాపు నంద్యాల సంజీవనగర్ గేటు దాటినాక ఉంటుంది. డెబ్బైకి ఒక్క ఏడాది తక్కువ. నలభై ఐదేళ్లుగా ట్రాక్టరు షాఫ్టులు, బోరు మోటార్ల బుష్షులు చేసిన చేతులు. మిషను శబ్దం విని ఎక్కడ అరిగిందో చెబుతాడని నంద్యాలంతా పేరు.

"రా మే, దెబోరా. సంచి బరువుగా ఉంది. నాటుకోడి తెచ్చినావా?"

"తెస్తే నమిలేకి నీకు పండ్లు యాడుండాయి?"

"పులుసు తాగుతా. పులుసుకు పండ్లెందుకు?"

ఆమె గుడ్డ విప్పి కప్పును చేతికివ్వబోయింది. ఫ్రాన్సిస్ చెయ్యి చాపలేదు.

"నూనె చేతులు. నువ్వే పట్టుకో" అన్నాడు.

ఆమె తిప్పి చూపించింది. జరిగింది చెప్పింది. ఆయన ఒక్కసారి చూసి, తల తిప్పి, మిషను కింద రాలిన ఇనప చుట్టలు చీపురుతో ఊడవడం మొదలుపెట్టాడు.

"గ్రైండరు పని అది" అన్నాడు. "బండి దొంగలు చాసిస్ నంబర్లు ఇట్లనే కొట్టేస్తారు."

"యోబు అల్లునిది బండ్ల షెడ్డే."

చీపురు ఆగింది. "నేను వాన్ని అనలే."

"నువ్వు అనకపోయినా రాజశేఖరు అంటాండాడు. రేపు సాయంత్రం స్టేషన్లో పేరిస్తాడంట. యోబు గది కాళీ చెయ్యాలంట."

"వాడు ఏమంటాండాడు?"

"ఎవురు, యోబా? ముట్టలేదంటాండాడు."

ఫ్రాన్సిస్ నడుము నిటారు చేసుకున్నాడు. "బస్సుకు టైమైంది పో" అన్నాడు. టీ కూడా ఇప్పించలేదు.

బస్టాండుకు పోయే దారిలో గాంధీచౌకు ఉంది. అక్కడ వెండి పని చేసే రామయ్య ఆచారి అంగడి. దెబోరాకు ఆయన భార్య పాత స్నేహితురాలు. ఊరికే పోతూ పోతూ ఇంకో మాట అడుగుదామని ఎక్కింది.

రామయ్య భూతద్దం కంటికి పెట్టుకుని కప్పును దీపం కింద తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"గ్రైండరా? ఎవురమ్మా చెప్పింది మీకు? గ్రైండరు పెట్టింటే వెండి అలలు అలలుగా పోతాది. పల్చని సొమ్ము, వేడికి రంగు మారతాది. ఇది చేత్తో పట్టిన ఆకురాయి. సన్నది. దాని తర్వాత నీళ్లతో రుద్దే గరుకు కాగితం, ముతకది, నడిమిది, మెత్తది. తక్కువంటే మూడు గంటలు కూచున్యాడు."

"మీ పనోళ్లెవరైనా?"

"కాదు. మేమైతే ఆకరున నున్నని రాయితో రుద్ది మెరుపు తెస్తాం. ఇది ఇనుముతో బతికిన చెయ్యి. షాఫ్టుకు నునుపు చేసినట్ల చేసినాడు." భూతద్దం తీశాడు. "ఇంకోటి చూడండి. అంచు దగ్గర, పెదవి తగిలే కాడ, ఒక్క గీత పడలేదు. గుడ్డ చుట్టి కట్టుకొని పని చేసినాడు. గుర్రం జోలికి పోలేదు. దొంగ ఇంత మర్యాద చేస్తాడా టీచరమ్మా?"

ఆళ్లగడ్డ బస్సులో దెబోరా కిటికీ పక్కన కూర్చుంది. సంచి ఒళ్లో ఉంది.

శబ్దం వినగానే మిషను ఎక్కడ అరిగిందో చెప్పే మనిషి. ఆకురాయి పనికీ గ్రైండరు పనికీ తేడా తెలియదా?

ఉత్తరం వచ్చిన వారమే బుధవారం నాడు అన్న ఇంటికొచ్చాడు. మోకాళ్ల నొప్పికి ఆళ్లగడ్డలో నాటుమందు ఇస్తారని వచ్చాడు. ఆమె ఉత్తరం చదివి అర్థం చెప్పింది. 'మిస్సింగ్ అంటే ఏందీ?' అని రెండుసార్లు అడిగాడు. తర్వాత ఆమె ఒకరింట్లో జరిగే స్త్రీల కూటానికి పోయింది. ఆయన ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. పై బుధవారం మళ్లీ వచ్చాడు. మందు పనిచేయలేదన్నాడు. ఆమె మళ్లీ కూటానికి పోయింది.

వంటగదిలో మేకు. మేకుకు తాళంచెవి.

ఆలోచన అక్కడ ఆపేసింది. ఆపితే ఆగే ఆలోచన కాదు అది.

*

ఆదివారం గంట రాజశేఖర్ కొట్టాడు. అలవాటు లేని చెయ్యి. మొదటి రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా పడ్డాయి, మూడోది ఎక్కడో పడింది. వీధిలో జనం తలెత్తి చూశారు.

యోబు వెనక బెంచీలో, తలుపు పక్కన కూర్చున్నాడు. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఫ్రాన్సిస్ నంద్యాల నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. నెలలో మొదటి ఆదివారం ఆయన ఎక్కడున్నా బాప్తిస్మం పుచ్చుకున్న ఈ చర్చికే వస్తాడు. మగవాళ్ల వరసలో ముందు లేచేది ఆయనే. పెళ్లైన ఏడు నుంచి అంతే. భార్య పోయిన నెలలోనూ అంతే.

కరోనా కాలంలో చిన్న ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. అది పోగానే ముసలివాళ్లు పట్టుబట్టి కప్పును తిరిగి తెచ్చుకున్నారు. గీకిన కప్పు ఈ రోజు వాడొద్దని రాజశేఖర్ అన్నాడు. వాడదామని దెబోరా అంది. పాస్టరు ఈసారి ఆమె మాటే విన్నాడు.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ రాసిపెట్టింది కాదు. మనసులో పగ ఉన్నవాడు, చేసిన తప్పు దాచుకున్నవాడు ఆ రోజు బల్ల దగ్గరికి రాడు. ఎవరూ రమ్మని పిలవరు. ఎందుకు రాలేదని అడగరు. గట్టు తగాదాలో ఇద్దరు అన్నదమ్ములు పదకొండేళ్లు బెంచీ మీంచి లేవలేదు. అప్పులు ఎగ్గొట్టినవాళ్లున్నారు, తాగి భార్యను కొట్టినవాళ్లున్నారు. కోర్టులో అబద్ధం చెప్పి వచ్చినవాడు కూడా ఆ కప్పు దగ్గర చెప్పలేడు. పేటలో అందరికీ అదంటే భయం.

దెబోరాకు అది తెలుసు. అందుకే కప్పును బల్ల మీద పెట్టమంది.

"ఎవరిని వాళ్లు పరీక్షించుకోండి" అన్నాడు పాస్టరు. "మనసులో దాచుకుని ఈ గిన్నె ముట్టొద్దు."

ఆడవాళ్ల వరస అయిపోయింది. మగవాళ్ల వరస మొదలైంది. ముందు లేచింది రాజశేఖర్. తర్వాత ఇంకొకరు. ఇంకొకరు.

రెండో బెంచీలో ఫ్రాన్సిస్ తల వంచుకుని కూర్చున్నాడు. పక్కవాళ్లు మోకాళ్లు పక్కకు తిప్పి దారి ఇచ్చారు. ఆయన కదల్లేదు. రెండు చేతులూ ముందు బెంచీ వీపును పట్టుకుని ఉన్నాయి.

అందరూ అయ్యాక వెనక నుంచి యోబు నడుచుకుంటూ వచ్చాడు.

రాజశేఖర్ అడ్డంగా చెయ్యి పెట్టాడు. యోబు ఆ చేతిని చూసి, ఆగి, పాస్టరును చూశాడు. ప్రేమ్ సాగర్ రెండడుగులు ముందుకొచ్చి రాజశేఖర్ చేతి మీదుగా కప్పును అందించాడు.

యోబు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. కప్పును పాస్టరు చేతికి తిరిగిచ్చి, వచ్చిన దారినే వెనక బెంచీకి పోయాడు.

*

ఆరాధన అయ్యాక ఫ్రాన్సిస్ సైకిళ్ల షెడ్డు కింద నిలబడ్డాడు. దెబోరా ఆయన దగ్గరికి పోయింది.

"ఎందుకు లేవలే?"

"మోకాళ్లు."

"పోయిన నెల ఇవే మోకాళ్లు కదా."

ఆయన రోడ్డు వైపు చూశాడు. అహోబిలం పోయే బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది.

"నేను నిన్న రామయ్య ఆచారి దగ్గరికి పోయినా" అంది. "గ్రైండరు కాదన్యాడు."

ఫ్రాన్సిస్ పక్కనున్న సైకిలు సీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"నేనెవరికీ చెప్పలే" అంది. "నాకేం తెలుసని చెప్పేది? వంటగది మేకు నాది. అన్నవు నువ్వు. మూడింటికి ఆయమ్మ వస్తాది. ఆమె పోయినాక యోబు స్టేషనుకు పోతాడు. అంతవరకే నీకు టైముంది."

"నువ్వే చెప్పకూడదా?"

"నేను చెబితే పట్టిచ్చినట్ల. నువ్వు చెబితే ఒప్పుకున్నట్ల. నీకు ఏది కావాల్నో చూసుకో. నువ్వు చెప్పకపోతే నేనే చెప్తా. వాని సామాను బజార్లో పడేది చూస్తా గమ్మునుండను."

*

మేజర్ హిమజ మూడుకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న యాభై ఏళ్ల మనిషి. సైన్యం నుంచి రిటైరై నాలుగేళ్లయిందట. చర్చి గదిలో కుర్చీలు వేశారు. పాస్టరు, రాజశేఖర్, దెబోరా, ఫ్రాన్సిస్ కూర్చున్నారు. యోబు తలుపు దగ్గర నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. బయట ఆయన భార్య బట్టల మూట కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

హిమజ తెల్లని చేతి తొడుగులు వేసుకుని కప్పు తీసుకుంది. గుర్రాన్ని చూసి నవ్వింది. వెనక్కి తిప్పింది. నవ్వు ఆగిపోయింది.

"పేర్లేవి?"

రాజశేఖర్ గొంతు సవరించుకున్నాడు. "అదే మేడం. దొంగతనం జరిగింది. మనిషి దొరికినాడు. మీరు పోంగానే కేసు పెడతాం. మీ వస్తువు మీరు తీస్కపోవచ్చు. మా ఏసన్న ఎట్ల తెచ్చినాడో గానీ, మీ లెక్కల్లో పోయిన వస్తువు అన్యారు కదా."

"నేను తీసుకుపోవడానికి రాలేదు" అంది హిమజ. "ఇది మీదే అని రాసివ్వడానికి వచ్చాను."

ఆమె ఫైలులోంచి రెండు కాగితాలు తీసింది.

"ఇది ఆ పందెం నిబంధన. ఒకే ఆఫీసరు వరసగా మూడేళ్లు గెలిస్తే కప్పు ఇక ఆయన సొంతం. తిరిగి ఇవ్వక్కర్లేదు. ఇది కెప్టెన్ పెల్హామ్ చనిపోయే ముందు బస్రా ఆస్పత్రి నుంచి వాళ్ల అక్కకు రాసిన ఉత్తరం. పోయిన ఏడాది వాళ్ల కుటుంబం మాకు పంపింది. 'కప్పును ఏసన్నకిచ్చేశాను. పరుగెత్తింది బిజిలీ, పరుగెత్తించింది అతను. నేను మీద కూర్చున్నానంతే' అని రాశాడు."

దెబోరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఒక చిక్కు. అప్పట్లో వాళ్ల అక్క ఆ మాట రాసి పంపితే రిసాలా వాళ్లు ఒప్పుకోలేదు. దళం కప్పును ఇచ్చేయడానికి పెల్హామ్ ఎవరు అన్నారు. ఆయన మూడేళ్లు గెలిచాడో లేదో చూద్దామంటే ఫలితాల పుస్తకం యుద్ధంలో పోయింది. అందుకే 'మిస్సింగ్' అని రాసి వదిలేశారు. గెలిచినవాళ్ల పేర్లున్నది ప్రపంచంలో ఒక్కచోటే." కప్పు నున్నటి పొట్ట మీద వేలు పెట్టింది. "ఇక్కడ. చివరి మూడు వరసల్లోనూ బిజిలీ, పెల్హామ్ అని ఉండుంటే, కప్పు ఆయనది. ఆయనది అయితే, ఇచ్చింది చెల్లుతుంది. ఇప్పుడు నేను ఏం చూసి రాయాలి?"

"అయితే ఏసన్న తెచ్చింది దొంగసొత్తుగానే ఉంటుందా?" అని అడిగాడు పాస్టరు.

"రికార్డు మార్చలేను. అలాగే ఉంటుంది."

రాజశేఖర్ లేచి యోబు భుజం పట్టుకున్నాడు. "ఇన్నావా? ఏం చేసినావో ఇన్నావా? నడువు స్టేషనుకు."

యోబు భుజం విదిలించుకోలేదు. గుమ్మం దాటబోయాడు. బయట ఆయన భార్య మూట పట్టుకుని లేచి నిలబడింది.

ఫ్రాన్సిస్ కుర్చీ వెనక్కి పడింది.

"వాన్ని వదులు రాజశేఖరూ. వదలమంటాండా కదప్పా. చెయ్యి తియ్యి.

"గీకింది నేను. యోబు కాదు, వాని అల్లుడూ కాదు. నేను, ఏసన్న మనవణ్ణి. మా చెల్లెలు కూటానికి పోతే మేకు మీది తాళంచెవి తీస్కొని, పగలు తెరిచుండే చర్చిలోకి పోయి, కప్పు సంచిలో ఏస్కొని నంద్యాలకు పోయినా. షాపు తలుపు లోపల గడియ పెట్టుకొని, అంచుకు గుడ్డ కట్టి, ఆకురాయి పట్టినా. నాలుగు గంటలు కూచున్యా. గుర్రాన్ని గూడా తీసేద్దామనుకున్యా. చెయ్యి రాలే. మళ్ల బుధవారం తెచ్చి బీరువాలో పెట్టినా.

"మేడమ్మా, నాకు ఇంగ్లీషు రాదు. మిస్సింగ్ అంటే పోయింది అని మా చెల్లెలు చెప్పింది. పోయింది అంటే ఎత్తుకొచ్చినారని కదా నేననుకునేది. మీరొచ్చి ఆ పేర్లు చదివి, ఇది మాదే, మీ తాత దొంగ అని నలుగుర్లో అంటారనుకున్యా. పేర్లు లేకుంటే ఏ కప్పో ఎవురు చెప్తారు అనుకున్యా.

"నేను ఆరో తరగతిలో ఉన్నెప్పుడు బళ్లో ఒకడు అన్యాడు, మీ తాత చచ్చిన దొర పెట్టెలోంచి చెంబు ఎత్తుకొచ్చి దేవునికి అంటగట్టినాడని. వాన్ని కొట్టినా. చొక్కా చినిగింది. ఎందుకు చినిగిందిరా అని మా తాత, జేజినాయన ఏసన్న అడిగితే చెప్పినా. ఆయన మాట్లాడలే. అవును అనలే, కాదు అనలే. ఆ పూట అన్నం ముందర కూచోని తినకుండా లేచిపోయినాడు. అది చూసినా నేను. ఆ పొద్దు నుంచి యాభై ఏండ్ల పైన నా లోపల ఒకటే ఉండాది, ఎత్తుకొచ్చినాడేమో అని. ఎవురికీ చెప్పలే. మా చెల్లెలికీ చెప్పలే. ఆయన సమాధికి ఏటా సున్నం కొట్టించినా. ఆయన మాట మాత్రం నమ్మలే. నమ్మింటే ఆకురాయి పడతాంటినా?

"ఆయన దొంగ కాదని చెప్పేకి లోకంలో ఉండేది ఆ మూడు వరసలేనంట. వాటిని నేనే రాల్చినా, నా చేతుల్తో, నునుపు చేసి మరీ. నిన్న మా చెల్లెలు కప్పు పట్టుకొని వస్తే గ్రైండరని అబద్ధం చెప్పినా. అది యోబు మీద పడతాదని తెలుసు. తెలిసే గమ్మునున్యా. పొద్దున వాడు వచ్చి తాగి పోతాంటే నా ముందు బెంచీ పట్టుకొని కూచున్యా, లేస్తే యాడ అరుస్తానో అని.

"యోబూ, నిన్ను క్షమించమని అడిగేకి నాకు మొకం లేదు. నీ భార్యను ఆ మూట ఇప్పమను.

"రాల్చిన పొడి పారేయలేకపోయినా మేడమ్మా. మాత్రల డబ్బాలో పోసి జేబులో పెట్టుకొని తిరుగుతాండా, ఇదో. అక్షరాలు దీంట్లోనే ఉండాయి, చదివేకి రావు. మీ పుస్తకంలో మా తాత పేరు కాడ ఏం రాస్తారో నాకు తెలీదు. దాని కింద నా పేరు రాయండి. ఫ్రాన్సిస్, ఏసన్న మనవడు, లేతు పని, నంద్యాల. పేర్లు చెరిపింది ఈయనే అని రాయండి. నేను సంతకం పెడతా."